రంగు వేయకుండా నడిపించిన కారు

అనంతపురంలో పాత కార్ల మేస్త్రీగా నలభై రెండేళ్లు పనిచేశాను. అందులో సగం కాలం కార్ల కిందే పడుకున్నాను. నా ముఖం కంటే నా కాళ్లే తనకు బాగా గుర్తని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. పోయిన ఏడాది మోకాళ్లు మొరాయించాయి, షెడ్డు మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, పాత కారును చూస్తూనే ఏం చేయాలో ఎట్లా తేలుస్తావని అడుగుతుంటారు. నోటితో చెబితే టీ తాగి మరచిపోతున్నారు. అందుకే రాస్తున్నాను.

ముందే చెబుతున్నా, ఇంజను విప్పడం, కార్బురేటర్ కడగడం, రేకు సాపు చేయడం ఇక్కడ రాయను. అవన్నీ ఇప్పుడు ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు, నాకంటే బాగానే చేస్తున్నారు. ఎవరెవరి చేతుల మీదుగా సన్మానం జరిగిందో కూడా రాయను. శాలువాలు ఆరున్నాయి, మా కుక్క వాటి మీద పడుకుంటుంది.

మన పనిలో అసలు కష్టం ఒక్కచోటే ఉంది. ఎవరో ఒకరు నాయన కారో తాత కారో లారీ మీద వేసుకొని వస్తారు. టైర్లు చచ్చి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టి, రేకు అప్పడంలా పెటపెటలాడుతూ ఉంటుంది. దాన్ని దించి మన ముఖంలోకి చూసి, "మేస్త్రీ, ఇది మల్లా లేస్తాదా?" అంటారు. ఆ నిమిషంలో మనం ఏం చెబుతామో అదే మన వృత్తి. తర్వాతదంతా స్పానర్ల పని.

నిజం చెప్పనా, ఆ నిమిషమంటే నాకు పిచ్చి. ఈ వయసులో కూడా ఎవరైనా కారు మీది టార్పాలిన్ లాగుతుంటే పెళ్లిచూపులకు వచ్చినట్టు గుండె దడదడలాడుతుంది. మా ఆవిడకు ఈ సంగతి తెలుసు. పెళ్లిచూపుల రోజు కూడా నీకంత దడ పుట్టలేదులే అంటుంది.

మస్తాన్ సాబు బొటనవేలు

నాకు పని నేర్పింది మస్తాన్ సాబు. రాప్తాడు వెళ్లే దోవలో ఆయన షెడ్డు ఉండేది. పొట్టి మనిషి, గట్టి గొంతు, ముక్కు మీద కోపం. నేర్పాడని మర్యాదకు అంటున్నాను గానీ, ఆయన ఎవరికీ ఏమీ నేర్పలేదు. కార్బురేటర్ విప్పేటప్పుడు మాకు వీపు చూపించేవాడు. పక్కనున్న అద్దంలో దొంగచూపులు చూసి నేర్చుకున్నాను. దొరికితే స్పానరు గాల్లో వచ్చేది. పనివాడిగా ఆయన అంతటివాడు ఇంకొకడు లేడు, గురువుగా మాత్రం ఆయనకు సున్నా వేస్తాను. మీరు మీ దగ్గర చేరినవాళ్లకు వీపు చూపించకండి.

అయినా ఆయన దగ్గర రెండు అలవాట్లు అంటించుకున్నాను. ఒకటి, కారు రాగానే అందరూ బానెట్ ఎత్తితే ఆయన కిందికి దూరేవాడు. చాసిస్ పొడుగునా బొటనవేలితో నొక్కుకుంటూ పోయేవాడు. వేలు దిగబడితే లేచి చేతులు దులుపుకునేవాడు. ఇంజను పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, నాలుగు చక్రాలనూ పట్టి ఉంచేదే పోతే దేన్ని పట్టుకొని ఏడుస్తావని ఆయన వాదం.

మన అనంతపురం ఇనుముకు మాత్రం ఆయన తెగ పొంగిపోయేవాడు. సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చిన కారు పదేళ్లకే జల్లెడ అవుతుంది. మన దగ్గర ముప్పై ఏళ్లు ఎండలో పడున్నా చాసిస్ టంగుమని మోగుతుంది. వాన లేదని రైతు ఆకాశం చూసి కుమిలిపోతుంటే, షెడ్డులో మేము ఇనుము చూసి మురిసిపోయేవాళ్లం. పాపమే, ఒప్పుకుంటాను.

రెండో అలవాటు, ఏ మాటా చెప్పకముందు యజమానిని ఒక ప్రశ్న అడిగేవాడు: "దీంట్లో ఎవురు కూకుంటారు?" ఒకాయన దర్జాగా, ఎవరూ కూర్చోరు, కొత్త ఇంటి ముందర పెట్టుకుంటామన్నాడు. అయితే రెండు సిమెంటు సింహాలు పెట్టుకో పో అని సాబు పంపించేశాడు. మంచి గిరాకీ పోయిందని మేమంతా లోపల్లోపల తిట్టుకున్నాం. ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలియలేదు. తెలుసుకోవడానికి ఒక తప్పు చేయాల్సి వచ్చింది.

పూడ్చేసిన గాట్లు

నేను సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తలో ధర్మవరం నుంచి లక్ష్మీపతి అనే పట్టుచీరల వ్యాపారి వచ్చాడు. వాళ్ల నాయన వదిలిపోయిన కారు తెచ్చాడు. డోర్ల కింద పొడవాటి ఫుట్‌బోర్డు ఉండే పాతకాలపు బండి. బొటనవేలితో నొక్కాను, చాసిస్ టంగుమంది. ఇంక నాకు ఒళ్లు తెలియలేదు. ఎవరు కూర్చుంటారని అడగలేదు, ఏం ఉంచాలని అడగలేదు, ఏం తీసేయాలని కూడా అడగలేదు. సరిగ్గా ఏడాది పనిచేశాను. అయ్యేసరికి ఆ కారు డోరులో ముఖం చూసుకొని తల దువ్వుకోవచ్చు. మా వీధి ఆడవాళ్లు నిజంగానే దువ్వుకున్నారు.

లక్ష్మీపతి భార్యతో వచ్చాడు. చుట్టూ తిరిగి బాగుండాది, బాగుండాది అన్నాడు. తర్వాత వంగి ఫుట్‌బోర్డు మీద అరచేయి పెట్టి ముందు నుంచి వెనక దాకా నిమిరాడు. మళ్లీ నిమిరాడు. ఇక్కడ రెండు గాట్లు ఉండాలి కదా అన్నాడు. నేను ఛాతీ విరుచుకొని, ఉండేవి, ఎవరికీ తెలియకుండా పూడ్చేశానన్నాను.

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాయన ఊరూరా తిరిగి మగ్గాల దగ్గర చీరలు కొనేవాడు. టేపు వాడేవాడు కాదు. ఫుట్‌బోర్డు మీద ఆకురాయితో రెండు గాట్లు పెట్టుకున్నాడు, వాటి మధ్య సరిగ్గా ఒకటిన్నర గజం. చీర నాలుగుసార్లు ఆనిస్తే నేతగాడికీ కొనేవాడికీ మాట మిగలదు. ఒక గాటు దగ్గర నాయన నిలబడితే, రెండో గాటు దగ్గర అంచు పట్టుకొని నిలబడింది చిన్నప్పటి ఈ లక్ష్మీపతి.

కొలత తీసి అదే చోట మళ్లీ గాట్లు పెట్టిస్తానన్నాను. "నువ్వు పెడితే అవి నీ గాట్లయితాయి గదన్నా" అన్నాడు. కోపంగా కాదు, నన్ను ఓదారుస్తున్నట్టే అన్నాడు. కారు తీసుకుపోయాడు. ఆ తర్వాత అది రోడ్డు మీద నాకెప్పుడూ కనబడలేదు.

పిల్లలూ, సొట్ట కనబడితే సుత్తి ఎత్తకండి. ఆ సొట్ట ఎవరిదో ముందు అడగండి. నా నలభై రెండేళ్ల చదువులో ఇదే పెద్ద పాఠం. దీన్ని దాటి ఇంకేదైనా నేర్చుకున్నానంటే అది కదిరి పక్క పల్లెలో నారాయణమ్మ దగ్గర నేర్చుకున్నాను.

టెంకాయల కారు

పోయిన ఏడాది ఎండాకాలం. షెడ్డు మూయడానికి రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ప్రతాపరెడ్డి అని ఒకాయన ఫోను చేశాడు. యాభై దాటిన మనిషి, కదిరి దగ్గర భూములున్నాయి, పార్టీలో తిరుగుతాడు. నాకంటే చిన్నవాడే గానీ, మన పక్క నాయకుడన్న వాడిని వయసుతో పనిలేకుండా అన్నా అనాల్సిందే, కాబట్టి నేనూ అన్నా అనే అన్నాను. వాళ్ల నాయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన వాడిన కారు ఉంది. దాన్ని తళతళలాడించి, పుట్టపర్తిలో నామినేషను వేయడానికి అందులో పోవాలని ఆయన కోరిక.

ఎవరు కూర్చుంటారని అడిగాను. కూర్చోవడం కాదట, టాపు కోసేస్తే పైకి లేచి నిలబడి దండం పెట్టుకుంటూ పోతాడట. ఫోను చెవిన పెట్టుకొనే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ టాపు కోయకుండా ఆపడానికైనా పోవాలని బస్సెక్కాను.

ఆ కారు కంపెనీ పేరు చెప్పను. చెబితే మీరు చదవడం ఆపి ఫోనులో ధర చూస్తారు. చిన్నది, గుండ్రటి వీపు, నవ్వుతున్నట్టుండే ముందు గ్రిల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. టార్పాలిన్ లాగగానే నాకు గుడిలోకి అడుగుపెట్టినట్టు కర్పూరం వాసన కొట్టింది.

వెనక నుంచి చూసుకుంటూ వచ్చాను. డిక్కీ బాగుంది. వెనక ఫెండర్లు బాగున్నాయి. వెనక డోర్లు బంగారం. ముందుకొచ్చేసరికి ఏముంది, బానెట్ జల్లెడ, ఫెండర్లు ముక్కలు ముక్కలు, ముందు చాసిస్ మీద బొటనవేలు పెడితే గోరు దాకా దిగింది. ఒకే కారు, ఒకే షెడ్డు, వాన ముఖం చూడని ఊరు. వెనక సగం పెళ్లికి పోతానంటుంటే ముందు సగం కాటికి పోతానంటోంది. ఇట్లాంటి తుప్పు నా జన్మలో చూడలేదు. వేలు బయటికి తీశాను. గోరు సందులో టెంకాయ పీచు.

అడిగితే ప్రతాపరెడ్డి గొప్పగా చెప్పాడు. నాయన పోయినప్పటి నుంచి అన్నదమ్ములిద్దరూ ఒక్క అమావాస్య తప్పకుండా కారుకు పూజ చేస్తున్నారు. పసుపు నీళ్లు పోస్తారు, పాలు పోస్తారు, బానెట్ మీద కర్పూరం వెలిగిస్తారు, చాసిస్ ముందు కొక్కానికి కొట్టి టెంకాయ పగలగొడతారు. ఆయుధపూజకు గుమ్మడికాయ అదనం. ఊరంతా ట్యాంకరు నీళ్లకు బిందెలు వరుసపెట్టిన ఏడాది కూడా ఈ కారు స్నానం ఆగలేదు. పన్నెండేళ్ల అమావాస్యల టెంకాయ నీళ్లు, పాలు, పసుపు, అన్నీ వెళ్లి కూర్చున్నది ముందు చాసిస్‌లోనే.

నాకు నవ్వు ఆగలేదు. నేల మీద చతికిలబడి నవ్వాను. "అన్నా, మీ నాయన కారుకు పట్టింది తుప్పు కాదు, భక్తి" అన్నాను. ప్రతాపరెడ్డి ముఖం ఎర్రబడింది. అట్లా నవ్వకుండా ఉండాల్సింది, అది నా తప్పే. పాపం, ప్రేమతోనే కదా చేసింది.

లెక్క మాత్రం స్పష్టంగా ఉంది. ముందు చాసిస్ కోసి కొత్తది వేయాలి, సగం రేకు కొత్తగా కొట్టాలి, దొరకని సామాను వెతకాలి. తక్కువలో తక్కువ రెండేళ్లు. నామినేషను మాట మరచిపోవాల్సిందే. వదిలేయన్నా అని చెప్పడానికి నోరు తెరవబోతూ, అలవాటు కొద్దీ డ్రైవరు సీటు వైపు తల పెట్టాను.

చెక్కదిమ్మెలు

క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్, మూడు పెడళ్ల మీదా మూడు చెక్కదిమ్మెలు బోల్టులతో బిగించి ఉన్నాయి. ఒక్కోటి నాలుగు వేళ్ల ఎత్తు. వేపకొయ్యను శ్రద్ధగా చెక్కి, మూలలు గుండ్రం చేసి బిగించారు. పైభాగం పాదాలతో అరిగి నున్నగా మెరుస్తోంది. సీటు మీద మడతపెట్టి కుట్టిన బొంత ఉంది.

ఎవరో చేసిన పిచ్చిపని అనుకొని స్పానరు తీశాను. బోల్టు మీద పెట్టాను కూడా. పెట్టి ఆగిపోయాను. ధర్మవరం గాట్లు చేయి పట్టుకున్నాయి. స్పానరు జేబులో పెట్టుకొని, ఈ కారు ఎవరు నడిపేవారని అడిగాను. ఇంకెవురు, మా నాయనే అన్నాడు ప్రతాపరెడ్డి. వాళ్ల నాయన ఫోటో వచ్చేటప్పుడే హాల్లో చూశాను. ఆరడుగుల మనిషి. ఆయన ఈ దిమ్మెల మీద కాళ్లు పెడితే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.

ఎండకు ఆగలేక వసారాలోకి వచ్చి కూర్చున్నాం. ప్రతాపరెడ్డి తల్లి నారాయణమ్మ మజ్జిగ తెచ్చింది. ఎనభై రెండేళ్ల మనిషి. నిలబడితే నా ఛాతీ దాకా వస్తుంది. నేను గ్లాసు అందుకుంటూ ఆమె పాదాలు చూశాను. చిన్న పిల్ల పాదాల్లా ఉన్నాయి.

"అమ్మా, క్లచ్ శానా గట్టిగా ఉండెనా?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "క్లచ్ బాగనే ఉండె. రెండో గేరే, పట్టి పట్టి వేయాల."

ప్రతాపరెడ్డి చేతిలో మజ్జిగ తెల్ల చొక్కా మీద ఒలికింది. పార్టీలో ఎన్ని చూశాడో గానీ, అట్లాంటి ముఖం ఆయన ఎప్పుడూ పెట్టి ఉండడు. నేనైతే లేచి గంతులేయాలన్నంత సంతోషపడ్డాను, మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఆమె కూర్చుని నింపాదిగా చెప్పింది. కాపురానికి వచ్చిన మూడో ఏడు, భర్త కారు కొన్నాడు. వేరుశనగ పీకేశాక చేను ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు పొద్దున్నే ఆమెను కూర్చోబెట్టి నడపడం నేర్పాడు. కాళ్లు అందకపోతే తానే కూర్చుని దిమ్మెలు చెక్కాడు, తాను తోలేటప్పుడు విప్పేసేవాడు. నెల తిరగకముందే ఆమెకు చెయ్యి తిరిగింది. చేను చుట్టూ తిప్పి, తారు రోడ్డు దగ్గరి గేటు దాకా తెచ్చేది. గేటు రాగానే ఆపాలి, సీటు మారాలి. రెడ్డి పెండ్లాము బండి తోలుతోందంటే నలుగురూ నవ్వుతారని ఆయన భయం. పిల్లలు పెద్దవాళ్లయ్యే దాకా, ఏటా వేరుశనగ అయిపోయాక, వాళ్లు నిద్ర లేవకముందే ఆమె చేను చుట్టూ తిరిగింది. ఒక్కసారి కూడా గేటు దాటలేదు.

పోయే ముందు ఆయన దిమ్మెలు మళ్లీ బిగించి, వీలునామా రాశాడు. భూములు కొడుకులిద్దరికీ, కారు భార్యకు. అప్పటికే కారు సరిగ్గా నడవడం లేదు. చచ్చేముందు ముసలాయనకు మతి పోయిందని ఊళ్లో నవ్వారు. ఆమె ఒక్కదానికే అర్థమైంది. దినాలు కాగానే తాళంచెవి అడుగుదామని షెడ్డులోకి పోతే, కొడుకులు అప్పటికే కారుకు దండ వేసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టేశారు.

"దేవున్ని చేసి కూకోబెట్నాక తాళంచెవి ఎట్ల అడిగేదప్పా?" అంది నన్ను చూసి. పన్నెండేళ్లుగా ఆ టెంకాయ చిప్పలతో చట్నీ చేసింది తానేనట.

ప్రతాపరెడ్డి చొక్కా తుడుచుకుంటూ, "నాకెప్పుడన్నా చెప్పినావామ్మా?" అన్నాడు.

"నువ్వెప్పుడన్నా అడిగినావా నాయనా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, ఎక్కువేమీ వద్దు, ఒక్కసారి తారు రోడ్డు ఎక్కితే చాలంది. ఎన్నాళ్లుంటానో తెలియదు కదా అని మామూలుగానే అంది. నేను గ్లాసు కింద పెట్టేశాను. ఇంతకుముందు గీసుకున్న లెక్క మొత్తం చెరిగిపోయింది.

నేను చెప్పిన తీర్పు

ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే రేపు మీ ముందుకూ ఇదే వస్తుంది. ప్రతాపరెడ్డి వెంటనే మారిపోయాడు. టాపు కోయను, నామినేషనూ వద్దు, అమ్మ కోసం పూర్తిగా కొత్తగా చేసెయ్, రెండేళ్లయినా పరవాలేదన్నాడు. మంచి కొడుకు అనాల్సిన మాటే. మేస్త్రీకి కూడా ఆశ పుట్టించే మాట. ముప్పై ఏళ్ల కింద అయితే ఎగిరి గంతేసి ఒప్పుకునేవాణ్ని.

నేను వద్దన్నాను. ఎనభై రెండేళ్ల మనిషికి రెండేళ్లు ఆగమని చెప్పే హక్కు నాకు లేదు. కారు ఎట్లా ఉందో అట్లాగే లేపుతాను, రంగు వేయను, రేకు మార్చను, దిమ్మెలు ముట్టుకోను అన్నాను. తుప్పు బండిలో మా అమ్మ తిరిగితే మేం తలెక్కడ పెట్టుకోవాలని ప్రతాపరెడ్డి గొడవ చేశాడు. ఆమె మజ్జిగ చెంబు తీసుకొని లేస్తూ, "కారు నా పేర ఉండాది. నాకేమన్నా రంగేసినారా, దానికేంటికి?" అంది. అంతటితో అది తేలిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆమె మాట వినలేదు. తారు రోడ్డు కుదరదన్నాను. ముందు చాసిస్‌కు ఇనుప పట్టీలు వేసి కట్టు కడతాను, అది చేనులో మెల్లగా తిరగడానికే సరిపోతుంది. రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే ఆ పట్టీలను నమ్మలేం. ఆమె బతిమాలింది, నేను కదల్లేదు. సరేలే, మేస్త్రీవి నువ్వు అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అయిదు వారాలు ఆ ఊళ్లోనే ఉన్నాను. నా వృత్తిలో అంత సంతోషంగా ఎప్పుడూ పనిచేయలేదు. బిగుసుకుపోయిన ఇంజనులో ప్లగ్గుల రంధ్రాల గుండా కిరసనాయిలు పోసి రోజులు రోజులు నానబెట్టాను. ఎయిర్ ఫిల్టరులో ఎలుక గూడు కట్టుకుంది, గూడు నిండా పెళ్లి శుభలేఖల ముక్కలే. పెట్రోలు ట్యాంకు చిల్లులు పడింది, అందుకని రెండు లీటర్ల సీసా ఒకటి బానెట్ పక్కన తలకిందులుగా కట్టి ట్యూబు పెట్టాను. ముందు బ్రేకులు లేవు. వెనక బ్రేకులూ హ్యాండ్ బ్రేకూ మాత్రం బాగా పనిచేశాయి. ఫోనులో మా ఆవిడకు ఇవన్నీ చెబుతూ నవ్వుతుంటే, ఇంటికొచ్చే ముందు డాక్టరుకు చూపించుకో అంది.

ప్రతాపరెడ్డి మొదట్లో దూరంగా నిలబడి చూసేవాడు. రెండో వారం దగ్గరికొచ్చాడు. మూడో వారానికి తెల్ల చొక్కా విప్పి పక్కన పెట్టి, బనియనుతో ఇంజను హ్యాండిల్ తిప్పుతున్నాడు. ఒకరోజు అట్లా తిప్పుతుండగానే లోపల కడక్కుమని పిస్టన్లు వదిలాయి. ఇద్దరం ఒకరినొకరు వాటేసుకున్నాం. ఒంటి నిండా గ్రీజుతోనే ఆయన నెమ్మదిగా, అమ్మ గురించి నాకేమీ తెలియదు మేస్త్రీ అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు తెలిసింది కదా అన్నా, తిప్పు అన్నాను. ఆ నెల అమావాస్యకు టెంకాయ కొట్టలేదు.

గేటు

నడిపే రోజు పొద్దున ఊరు సగం చేను గట్టు మీదే ఉంది. నారాయణమ్మ కొంగు బిగించి, చెప్పులు వదిలి సీట్లో కూర్చుంది. నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆమె చెయ్యి తనంతట తానే చోక్ మీదికి పోయింది. ప్రతాపరెడ్డి హ్యాండిల్ కొట్టాడు. మూడోసారికి ఇంజను దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. నేను పక్క సీట్లో, ఎడమ చేత్తో దేవుణ్ని, కుడి చేత్తో హ్యాండ్ బ్రేకును పట్టుకొని కూర్చున్నాను.

మొదటి గేరు. కదిలింది. రెండో గేరు పట్టి పట్టి వేసింది, కాస్త కూడా శబ్దం లేదు. నా షెడ్డులో పనిచేసిన ఒక్కడికీ అంత మెత్తటి చెయ్యి లేదు, ప్రమాణం చేస్తాను. చేను చుట్టూ ఒక చుట్టు తిరిగాం. దుమ్ము వెనకాల ఊరంతా అరుస్తూ పరుగెత్తుతోంది. రెండో చుట్టు తిరిగాం. ఆమె ముఖంలో నవ్వు లేదు, మాట లేదు, కళ్లు మాత్రం ముందరి దారిలో నాటుకుపోయాయి.

గేటు వచ్చింది. ఎడమకు తిప్పమ్మా అన్నాను. తిప్పలేదు. నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే ఉంది. ఒక్క గుంజు గుంజితే ఆగిపోతుంది. పిల్లలూ, మీరైతే గుంజండి. ముందు బ్రేకులు లేని బండిని, కట్టు కట్టిన చాసిస్‌తో రోడ్డెక్కనివ్వడం మేస్త్రీ చేయాల్సిన పని కాదు. నలభై రెండేళ్లలో నేను తెలిసి తెలిసి చేసిన తప్పు ఇదొక్కటే. నేను గుంజలేదు.

ముందు చక్రాలు మట్టి వదిలి తారు ఎక్కాయి. కారు కుదుపు ఆగిపోయింది. ఆమె నోట్లోంచి ఊపిరి ఒకటి బయటికొచ్చింది, ఎన్నో ఏళ్లు లోపల దాచుకున్నట్టు. స్టీరింగు కదిరి వైపు తిప్పింది. గొర్రెల మంద పక్కకు తప్పుకుంది. ఎదురుగా వస్తున్న షేర్ ఆటో రోడ్డు దిగి ఆగిపోయింది, అందులోని ఆడవాళ్లంతా తలలు బయటపెట్టి చూశారు. ఫెండరు ముక్క ఒకటి ఊడి రోడ్డు మీద దొర్లిపోయింది. ఆమె వెనక్కి చూడలేదు. నాకు నవ్వుతో కళ్లనీళ్లు కారిపోతున్నాయి, భయం కూడా ఉంది, రెండూ కలిసి వస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

ఒక కిలోమీటరు దాటి ఉంటాం. ఇంజను రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. చేనుకు సరిపోతుందని సీసాలో పోసిన కాస్త పెట్రోలు అయిపోయింది. కారు అదే ఊపుతో కొంచెం దూరం దొర్లి రోడ్డు అంచున నిలబడింది.

ప్రతాపరెడ్డి అప్పటికి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా గుండీలు ఊడిపోయాయి, కాలికి చెప్పు లేదు. కిటికీ పట్టుకొని వగరుస్తూ, "యాడికి పోతాండావుమ్మా?" అన్నాడు.

"యాడికీ ల్యా నాయనా," అంది, రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకొని. "రోడ్డెక్కినా."

ఆయన చొక్కాతో కళ్లు తుడుచుకొని, ఇంటికి నెట్టుకుపోదాం మేస్త్రీ అంటూ కారు ముందుకు వెళ్లి, బంపరు మీద చేతులు పెట్టి వెనక్కి నెట్టడానికి వంగాడు. నేనూ దిగి ఆయన పక్కన చేరాను.

నారాయణమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ముందరికి నిలబడినారేమప్పా ఇద్దరూ? ఎనక్కొచ్చి నూకండి."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లేచి కారు వెనక్కి నడిచి, డిక్కీకి భుజాలు ఆనించాం. ఆమె గేరు తీసి న్యూట్రల్‌లో వేసి, స్టీరింగును కదిరి వైపే పట్టుకుంది.